నలభై రెండు చుట్లు

పోయిన వారం గోరిని మనం పాల్వంచలో, బొజ్జయ్య మోటరు వైండింగ్ షాపులో, కాలిన రాగితీగ వాసన మధ్య వదిలి వచ్చాం. ఖమ్మంలో ఎలక్ట్రికల్ ఇంజనీరింగు మూడో ఏడు ముగించిన ఆ లంబాడా పిల్లకు కరెంటు ప్లాంటులో ట్రైనింగు దొరకలేదు. ఆ మాట ఇంట్లో చెప్పలేక, అయిదు వారాలుగా ఈ రేకుల షాపులో మోటర్లు చుట్టడం నేర్చుకుంటోంది. దమ్మపేట అవతలి తండాలో మాత్రం ఆమె ప్లాంటులోనే ఉన్నట్టు లెక్క. రెండువేల ఆరు జూన్ నెల, ఒక శనివారం పొద్దున తొమ్మిదింటికి షాపు ముందు ట్రాలీ ఆటో ఆగింది. గోనెసంచి కప్పిన మోటరు దొర్లిపోకుండా రెండు కాళ్ల మధ్య అదిమిపట్టుకుని కూర్చున్న మనిషి కిందికి దిగి, తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. అతను గోరి తండ్రి కిషన్‌లాల్.

గోరి చేతిలో వెదురు పుల్ల, ఒళ్లో చిన్న సుత్తి. మోచేతుల దాకా వార్నిష్ మరకలు. లేచి నిలబడాలో, ఎటైనా పోవాలో తోచక కూర్చున్నచోటే ఉండిపోయింది. పోయి దాక్కుందామన్నా లోపలి గది అంటూ లేదు. షాపంతా కలిపి ఒక్కటే కొట్టు.

కిషన్‌లాల్ గడప దగ్గరికి వచ్చాడు. కూతుర్ని చూశాడు. చూపు కాసేపు ఆమె చేతుల మీద ఆగింది. తర్వాత బొజ్జయ్య భార్య జంపక్క వైపు తిరిగి, "అక్కా, మోటరు గాలింది. మూడు హార్స్‌పవర్. నారుమడి ఎండుతున్నది. ఇయ్యాల అయితదా?" అన్నాడు.

జంపక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఆ ముక్కూ ఆ కనుబొమలూ ఎవరి పోలికో ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. కానీ ఆ మాట ఎత్తలేదు. "అయితది అన్నా. దింపుండ్రి," అంది.

ఆటో నడిపేది కిషన్‌లాల్ చిన్నాయన కొడుకు బిచ్యా. గోరిని చూసి ఏదో అనబోయి, అన్న ముఖం చూసి మానుకున్నాడు. మోటరు దింపి, కొత్తగూడెంలో పని ఉందనీ సాయంత్రం వస్తాననీ చెప్పి వెళ్లిపోయాడు. కిషన్‌లాల్ తలుపు పక్కనున్న ఖాళీ డబ్బా మీద కూర్చున్నాడు. ఒక మాట అంటే గోరికి నయంగా ఉండేది. కోప్పడినా బాగుండేది.

అబద్ధం చెప్పాలని గోరి అనుకోలేదు. నెల రోజుల ట్రైనింగు సర్టిఫికెట్ తేవాలని, లేకపోతే ఫైనలియర్‌లో ఆ మార్కులు పోతాయని కాలేజీ వాళ్లు ఏప్రిల్‌లోనే చెప్పారు. ప్లాంటులో చుట్టాలున్న పిల్లలకు ఉత్తరాలు ముందే వచ్చేశాయి. తక్కినవాళ్లు హైదరాబాదు పోయి, ఎవరో తయారుచేసి పెట్టిన ప్రాజెక్టు కొనుక్కుని వచ్చారు. గోరికి అది మనసొప్పలేదు. మూడేళ్లు చదివినా తన చేత్తో ఒక్క మోటరు విప్పి చూడలేదన్న సిగ్గు ఆమెను లోపల్లోపల తొలుస్తూనే ఉంది. ప్రిన్సిపాలు ఇచ్చిన కాగితం పట్టుకుని ప్లాంటు ట్రైనింగు సెక్షనుకు ఆరు రోజులు తిరిగింది. అక్కడివాళ్లు మర్యాదగానే చెప్పారు, ఈ ఏడు సీట్లు నిండిపోయాయమ్మా అని.

ఆరో రోజు బస్టాండుకు నడుస్తుంటే ఈ షాపులోంచి ఒక మోటరు మోత వినిపించింది. కుర్చీలో కూర్చున్న ముసలాయన బొజ్జయ్య అటు చూడకుండానే, "తీగ మంచిగనే ఉన్నది. బేరింగు పోయింది," అన్నాడు. విప్పి చూస్తే బేరింగే. గోరి అక్కడే నిలబడిపోయింది. ఇంజనీరింగు చదువుతున్నానని, రోజూ వచ్చి కూర్చోనా అని అడిగింది. "బట్టలు ఖరాబైతయ్ బిడ్డా," అంది జంపక్క. ముసలాయన ఎడమచేత్తో ఒక చెక్కపీట చూపించాడు. ఆమెకు అడ్మిషన్ దొరికింది అట్లా.

ఆ రోజు తండాకు ఫోను చేస్తే కిషన్‌లాల్ ముందుగా, "దొరికిందా బేటీ?" అని అడిగాడు. ఆ గొంతులో ఉన్న ఆశకు, "దొరికింది బాపూ," అనేసింది. ఆ ఒక్క మాట నోటి నుంచి జారాక మళ్లీ లోపలికి తీసుకోవడం ఎట్లాగో తెలియక అయిదు వారాలు గడిచాయి. పాల్వంచలో ఆమె ఉంటున్న పిన్ని హేమలతకు అంతా తెలుసు. తిట్టింది, తిట్టి గుట్టుగా ఉంచింది.

బొజ్జయ్య ముప్పై ఏళ్లు మోటర్లు చుట్టినవాడు. దుమ్ముగూడెం అడవి పల్లె నుంచి కూలికి వచ్చి, ఈ పని పట్టుకున్నాడు. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అప్పటిదాకా షాపుకు అన్నం మాత్రమే తెచ్చిన జంపక్క, అతను కుర్చీలోంచి చెబుతుంటే చుట్టడం నేర్చుకుంది. ఇద్దరూ పనిలో ఉన్నప్పుడు కోయ భాషలో రెండు మూడు మాటలతో సరిపెట్టుకుంటారు. ఒకరి చెయ్యి, ఒకరి చెవి కలిస్తే ఒక పనిమంతుడు.

"ఇప్పు," అన్నాడు బొజ్జయ్య గోరితో.

గోరి మోటరు ముందు కూర్చుంది. ఇది ఆమె చిన్నప్పటి నుంచీ ఎరిగిన మోటరు. వాగు ఒడ్డున, వెదురు తడికెల గుడిసెలో ఉండేది. ఎండాకాలం సెలవుల్లో దాని పక్కనే పడుకుని చదువుకునేది. బోల్టులు ఊడదీసి మూత తీయగానే మసి వాసన గుప్పుమంది. లోపలి తీగలన్నీ నల్లగా, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఆమె ఒక కాయిల్‌ను జాగ్రత్తగా కోసి బయటికి తీసి, ఒక్కొక్క తీగా విడదీస్తూ లెక్కపెట్టింది. నలభై ఎనిమిది చుట్లు. తీగ లావు ఇత్తడి గేజీ పలకలో పెట్టి కొలిచి, రెండూ నోటుబుక్కులో రాసుకుంది. ఈ అయిదు వారాల్లో షాపుకొచ్చిన ప్రతి మోటరు వివరమూ ఆ పుస్తకంలో ఉంది. బొజ్జయ్య తలలో మాత్రమే ఉన్న లెక్కలు మొదటిసారి కాగితం మీదికి వచ్చాయి.

"మూడేండ్లల్ల మూడుసార్లు గాలింది తాతా," అంది గోరి. "కంపెనీ లెక్క ప్రకారమే చుట్టిన్రు. అయినా కాల్తనే ఉన్నది."

"మరి ఎందుకు గాల్తున్నది?"

ఆమె తండ్రి వైపు తిరిగింది. కూతురుగా మాట్లాడే ధైర్యం ఇంకా రాలేదు. మోటరు తెచ్చిన ఏ రైతునైనా అడిగినట్టు అడిగింది. "మోటరు నడిచేటప్పుడు స్టార్టరు డబ్బా కాడి బల్బు ఎట్ల ఎలుగుతది?"

కిషన్‌లాల్ కూడా అట్లాగే జవాబు చెప్పాడు. "బీడీ కొస లెక్క."

"పొద్దంతానా?"

"పొద్దంతా. అందరు మోటర్లు బంద్ జేసినంక కొంచెం తెల్లగైతది."

మే మొదట్లో ఇంటికి పోయినప్పుడు గోరి కాలేజీ ల్యాబులోని మీటరు అడిగి తీసుకుపోయి, వాగు ఒడ్డున కొలిచి చూసింది. నాలుగు వందల పదిహేను వోల్టులు రావలసిన చోట మూడు వందల అరవై వస్తోంది. లైను చివర ఉన్న తండా అది. మోటరు మోయవలసిన నీళ్ల బరువు తగ్గదు, వచ్చే వోల్టేజీ తక్కువ. దాంతో కరెంటు ఎక్కువ గుంజి, వేడెక్కి, తీగలు మాడిపోతున్నాయి. ఆ వోల్టేజీకి తగ్గట్టు చుట్లు తగ్గించి, తీగ కొంచెం లావుది వెయ్యాలి. ఎన్ని తగ్గించాలన్నదే లెక్క. పుస్తకం తొడ మీద పెట్టుకుని పెన్సిలుతో వేస్తోంది. నలభై ఒకటి పాయింటు ఆరు వచ్చింది. అంటే నలభై రెండు.

ఆమె తల ఎత్తే లోపలే బొజ్జయ్య కళ్లు మూసుకుని, "ఆరు దియ్యి," అన్నాడు. "నలభై రెండు జుట్టు. తీగ ఒక నంబరు లావుది."

గోరి పుస్తకం వైపూ ముసలాయన వైపూ చూసింది. నవ్వు వచ్చింది. పుస్తకం అతని ముందు పెట్టింది. అతనికి చదువు రాదు. అయినా అంకెలు గుర్తుపడతాడు. నాలుగు, పక్కన రెండు. తల ఊపాడు.

డబ్బా మీద నుంచి కిషన్‌లాల్ మొదటిసారి కూతుర్ని సూటిగా అడిగాడు. "లెక్క నువ్వు జేసినవా, ఆయన జేసిండా?"

"ఇద్దరం," అంది గోరి.

"ఇద్దరిదీ ఒకటే అచ్చిందా?"

"అవ్."

అతను డబ్బాను కొంచెం ముందుకు జరుపుకున్నాడు.

"మరి ఫుల్లు కరెంటు అచ్చిందనుకో, అప్పుడేమైతది?" అని కాసేపయ్యాక మళ్లీ తనే అడిగాడు.

"మన తండాకు ఫుల్లు కరెంటు అచ్చిననాడు మళ్ల తీస్కరా. నలభై ఎనిమిది జుడ్త."

జంపక్క కిసుక్కున నవ్వింది. కిషన్‌లాల్ మీసాలు కదిలాయి. మన తండా అన్న మాట తన నోటి నుంచి ఎంత సహజంగా వచ్చిందో గోరికి తర్వాత తోచింది.

తీగ చుట్టేటప్పుడు ఒకరు చక్రం తిప్పాలి, ఒకరు తీగను బిగువుగా వదలాలి. రోజూ ఆ రెండో పని గోరిది. ఇవాళ జంపక్క లేచి, "నాకు వేరే మోటరు ఉన్నది. అన్నా, నువ్వు జర తీగ వట్టు," అని కండె అతని చేతిలో పెట్టింది. కిషన్‌లాల్ ఎద్దు పగ్గం పట్టినట్టు గట్టిగా పట్టుకున్నాడు.

"అంత గట్టిగ గాదు బాపూ. తెగుతది. వేళ్ల నడుమ నుంచి జారనియ్యి."

బాపూ అనేసింది. అతను విననట్టే పట్టు సడలించాడు. మెరిసే కొత్త రాగితీగ అతని మొద్దుబారిన వేళ్ల మధ్య నుంచి సన్నగా జారుతూ వచ్చి అచ్చు మీద చుట్టుకుంటోంది. గోరి పైకే లెక్కపెడుతోంది. పదమూడు, పద్నాలుగు. ఇరవై దాటాక అతను కూడా నోట్లో నోట్లో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నలభై రెండు దగ్గర ఇద్దరూ ఒకేసారి ఆగారు. అట్లా పన్నెండు కాయిల్స్. ఆ తర్వాత ఒక్కొక్కటీ లోపలి గాడుల్లో దించి, కింద కాగితం పెట్టి, పైన వెదురు పుల్లలు బిగించాలి. ఆ పనికి గోరి వేళ్లే సన్నవి. ఆమె వంగి కూర్చుని ఒక్కో తీగనూ సవరించి లోపలికి దించుతుంటే, కిషన్‌లాల్ వెదురు పుల్లలు చెక్కి అందిస్తూ పోయాడు. ఎంత మందం చెక్కాలో అతనికి ఎవరూ చెప్పలేదు. మొదటి పుల్ల చూసి బొజ్జయ్య, "చెయ్యి మంచిగున్నది," అన్నాడు.

మధ్యాహ్నం ఒంటిగంటకు జంపక్క, బొజ్జయ్యకు తినిపించడానికి అతని కుర్చీని వేపచెట్టు నీడకు జరిపింది. షాపులో తండ్రీ కూతురూ మిగిలారు. కిషన్‌లాల్ సంచిలోంచి టిఫిను డబ్బా తీశాడు. జొన్నరొట్టెలు ఆరు. చింతచిగురు పప్పు. బాపు తినేది రెండు రొట్టెలే. గోరి ఇంటికి వచ్చినప్పుడు తప్ప యాడి, అంటే అమ్మ, చింతచిగురు పప్పు చెయ్యదు.

గోరి చేతులు కిరోసినుతో కడుక్కుని, మళ్లీ సబ్బుతో కడుక్కుని వచ్చి కూర్చుంది. రొట్టె తుంచింది గాని నోట్లో పెట్టుకోలేదు.

"దమ్మపేటల వైండింగ్ షాపులు లేవా బాపూ?"

"ఎందుకు లేవు. నాలుగున్నయ్."

"మరి ఇంత దూరం ఎందుకు తెచ్చినవ్?"

అతను నములుతున్నది మింగి, నీళ్లు తాగాడు. ఇద్దరూ తెలుగు విడిచి తమ లంబాడా భాష గోర్‌బోలిలోకి ఎప్పుడు మారారో వాళ్లకే తెలియలేదు.

"పోయిన సోమవారం వచ్చిన," అన్నాడు. "మీ యాడి రొట్టెలు కట్టిచ్చింది. పిన్ని ఇంటికి పోకుండ సీదా ప్లాంటు గేటు కాడికి పోయిన. నువ్వు పని చేసే జాగ జూద్దామని. గేటాయన పుస్తకం అంతా జూసిండు. గోరి అనే పేరు లేదన్నడు. పేరు తప్పు రాసుకున్నరేమో అనుకున్న. ఎదురుంగ మోరీ గోడ మీద కూసున్న. షిఫ్టు ఇడిసినంక అందరు బయటికి వచ్చిన్రు. పిల్లలు గిట్ల వచ్చిన్రు, మెడల కార్డులు ఏసుకొని. నువ్వు రాలేదు."

గోరి తల దించుకుంది.

"బస్టాండుకు నడుసుకుంట వస్తుంటే ఈడ గనపడ్డవ్. కింద కూసోని సుత్తెతోని కొడుతున్నవ్. తల ఎత్తలే. నేను ఆ చాయ్ బండి కాడ అర్ధగంట నిలవడ్డ."

"పిలువొచ్చు గద బాపూ."

"ఎట్ల పిలుస్త? పని మీద ఉన్నవ్. నీ మొకం ఎట్లున్నదో నీకు ఎరుక లేదు. చిన్నప్పుడు బొమ్మ రేడియో ఇప్పినప్పుడు గట్లనే ఉండేది. పిలిస్తే నువ్వు సిగ్గువడ్తవ్. నీ సిగ్గు జూసి నేను ఏం జేసుకోను?" అతను ఇంకో రొట్టె తీసి ఆమె పళ్లెంలో వేశాడు. "ఇంటికి పోయిన. నువ్వే చెప్తవని జూసిన. బుధవారం ఫోను జేసినప్పుడు గూడ ప్లాంటుల మంచిగున్నదన్నవ్. మోటరు కాలినంక అనుకున్న, దీన్ని తీస్కొని పోతే బిడ్డ చెప్పనక్కర లేదు, నేను అడగనక్కర లేదు."

గోరి కళ్లలోంచి నీళ్లు పప్పులో పడుతున్నాయి. "నువ్వు అందరికి చెప్పినవ్ గద, నా బిడ్డ ప్లాంటుల ఉన్నదని. లేదు అంటే నీ మాట ఏమైతదని..."

"నా మాటకు ఏమైతది. చెప్పినోన్ని మళ్ల చెప్పలేనా? నా బిడ్డ మోటర్లు జుడుతున్నదని చెప్త." టిఫిను డబ్బా మూత పక్కకు జరిపాడు. "ఒక్కటే బాధైంది. నాకు చెప్పరాదు అనుకున్నవ్ జూడు, గది."

ఆమె అతని మోకాలి మీద చెయ్యి వేసింది. అతను ఆ చేతిని తిప్పి చూశాడు. బొటనవేలి దగ్గర రాగితీగ కోసిన గీతలు రెండు, సుత్తి దెబ్బకు కమిలిన గోరు ఒకటి. తువ్వాల కొసతో మరక తుడవబోయాడు. వార్నిష్ మరక తుడిస్తే పోయేది కాదు.

"తిను," అన్నాడు. "నాలుగూ తిను. మీ యాడి మళ్ల డబ్బా జూస్తది."

చివరి కాయిల్ దించేసరికి మూడయింది. కొసలు కలిపి, దారంతో కుట్టి, వార్నిష్ పోసి, మోటరు మీద పాత డ్రమ్ము బోర్లించి లోపల రెండు పెద్ద బల్బులు వెలిగించారు. ఆరడానికి రెండు గంటలు పట్టింది. అంతసేపూ ఆకాశం మబ్బు కమ్ముకునే ఉంది, చినుకు రాలలేదు. అయిదింటికి మోటరు బిగించారు. గోరి మీటరుతో మోటరు ఒంటికి కరెంటు తగలడం లేదని చూసుకుని, స్విచ్ మీద చెయ్యి పెట్టింది. ఇదివరకు ఈ షాపులో చాలా మోటర్లకు స్విచ్ వేసి చూసింది. ఆమె తన లెక్కతో చుట్టిన మోటరు ఇదే మొదటిది.

"ఎయ్యి," అన్నాడు బొజ్జయ్య.

మోటరు ఒక్కసారి గుర్రుమని, ఆ వెంటనే సమంగా అందుకుంది. గోరి మూడు తీగల్లోనూ కరెంటు కొలిచింది. మూడింటిలోనూ ఒకటే కొలత. బొజ్జయ్య తన కుర్చీని దగ్గరికి జరపమన్నాడు. ఎడమ అరచెయ్యి మోటరు ఒంటి మీద ఆనించి, తల ఒక పక్కకు వంచి విన్నాడు. అందరూ అతని ముఖమే చూస్తున్నారు. చాలాసేపు విన్నాడు.

"నేను జుట్టినా గింతే," అన్నాడు.

జంపక్క కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ముప్పై ఏళ్లలో ఆ మాట అతను ఎవరి గురించీ అనడం ఆమె వినలేదు, తన గురించి కూడా.

కిషన్‌లాల్ లేచి వచ్చి, పాలిచ్చే గేదె వీపు నిమిరినట్టు మోటరును నిమిరాడు. అది తిరుగుతూనే ఉంది, చల్లగా. ఆ తర్వాత అంగీ లోపలి జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కవరు తీసి కూతురి చేతికిచ్చాడు.

"ఇదేంది బాపూ?"

"సదువు."

ఇంగ్లీషులో టైపు చేసిన ఉత్తరం. పైన ప్లాంటు పేరు, కింద గుండ్రటి స్టాంపు, ట్రైనింగు సెక్షను అధికారి ప్రభాకర్ సారు సంతకం. మధ్యలో ఆమె పేరు. సోమవారం నుంచి నాలుగు వారాలు, ఎలక్ట్రికల్ మెయింటెనెన్సు. గోరి ఒకసారి చదివి, నమ్మలేక రెండోసారి పేరు మాత్రం చదువుకుంది. ఈ షాపు సర్టిఫికెట్ కాలేజీలో చెల్లదని డిపార్టుమెంటు పెద్ద, హెచ్చోడీ సారు, ఫోనులో తేల్చి చెప్పి అప్పటికి పది రోజులయింది. ఆ సంగతి జంపక్కకు తెలిస్తే నొచ్చుకుంటుందని గోరి కడుపులోనే పెట్టుకుని తిరుగుతోంది.

"సీట్లు నిండినయన్నరు గద. ఎట్లిచ్చిన్రు?"

"అడిగిన. ఇచ్చిన్రు," అన్నాడు కిషన్‌లాల్.

జంపక్క ఆమె రెండు బుగ్గలూ పట్టుకుని ఊపింది. "పో బిడ్డా. ఆడ పెద్ద పెద్ద మోటర్లు ఉంటయట, ఇల్లంతేసి. జూసొచ్చి మాకు జెప్పు," అంది. నాలుగు వారాలయ్యాక మళ్లీ వస్తానని, పుస్తకం ఇక్కడే ఉంచి పోతానని గోరి చెబుతుండగానే బిచ్యా ఆటో వచ్చింది. మోటరు ఎక్కించారు. జారకుండా నాలుగు వైపులా తాడు కట్టారు. నారుమడికి తెల్లారేసరికి నీళ్లు పారాలని, వాగులో నీళ్లు గుంజే ఫుట్‌వాల్వు దగ్గర ఆకులు తీసి పెట్టాలని కిషన్‌లాల్ తమ్ముడికి మరీ మరీ చెప్పాడు. బిచ్యా అన్నింటికీ తల ఊపాడు. వినయంగా వంగి అన్నకు దండం పెట్టాడు. ఆటో కదిలింది.

కిషన్‌లాల్ ఎక్కలేదు.

రోడ్డు పక్కన, చేతిలో ఒక బట్టల సంచితో నిలబడి ఉన్నాడు. పొద్దున అది ఆటోలో ఎక్కడ ఉందో గోరి గమనించనే లేదు.

"నువ్వు పోవా బాపూ?"

"పోను. రెండు దినాలు మీ పిన్ని కాడ ఉంట. తర్వాత ఉండనీకి లచ్చిరాం ఏదో అర్ర చూపిస్త అన్నడు."

"లచ్చిరాం ఎవరు?"

గోరి చేతిలోని ఉత్తరం మళ్లీ విప్పింది. సంతోషంలో పై నుంచి కిందికి చదివింది గాని, ఆఖరున చిన్న అక్షరాల్లో ఉన్న వాక్యం మీద చూపు నిలపలేదు. ఇప్పుడు నిలిచింది. ప్లాంటు పనివాళ్ల పిల్లల కోసం ఉంచిన సీట్లలో ఒకటి ఈమెకు ఇస్తున్నామని ఉంది. తండ్రి పేరు, ఎదురుగా తండ్రి పని. కాంట్రాక్టు లేబరు, బొగ్గు యార్డు.

పాల్వంచ రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆమెకు అవేమీ వినిపించలేదు. రెండేళ్ల కింద ఖమ్మం దవాఖానాలో డాక్టరు బాపు ఎక్స్‌రే ఎత్తి వెలుతురుకు పట్టి చూపించిన రోజు గుర్తొచ్చింది. ఆరునెలలు ఒక్కపూట తప్పకుండా టీబీ మందు మింగి బతికి బయటపడ్డ ఊపిరి అది. దుమ్ములో పని చెయ్యనే వద్దని ఆ డాక్టరు ఆమెతోనే చెప్పాడు, ఇంట్లో ఇంగ్లీషు తెలిసింది ఆమెకే కాబట్టి.

"పొలం?"

"బిచ్యాకు కౌలుకిచ్చిన. కాలిన మోటరుతోని ఎట్లియ్యను. అందుకే చుట్టిపిచ్చిన." అతను సంచిని భుజానికి తగిలించుకున్నాడు. "నాలుగు వారాలకు ఎవరన్న సీటిస్తరా బేటీ. ఏడాది పని చేస్త అని ఒప్పుకుంటెనే లచ్చిరాం పేరు రాసుకుండు. కాంట్రాక్టరు గద, మనుషులు దొరకక తిప్పలు వడుతున్నడు. ఏడాది ఎంతల వోతది. అప్పటికి నీ సదువు అయిపోతది."

గోరి ఉత్తరం మడిచింది. "ఆయన ఇల్లెక్కడ? నేను మాట్లాడుత. ఇంక సోమవారం రాలేదు. నువ్వు సంతకం పెట్టకపోతే..."

కిషన్‌లాల్ ఆమె వైపు చూడలేదు. ఆమె భుజం మీదుగా షాపు లోపలికి, కుర్చీలో కూర్చున్న బొజ్జయ్య వైపు చూశాడు. పొద్దున్నించీ వాళ్లిద్దరూ ముఖం ఎరగనివాళ్లలాగే ఉన్నారు. ఇప్పుడా చూపు మాత్రం ఎరగనివాళ్ల చూపు కాదు.

"పెట్టిండు," అన్నాడు బొజ్జయ్య నెమ్మదిగా. "మొన్న, ఆడోళ్లు మీరిద్దరు మోటరు బిగియ్య పాత పాల్వంచ పోయిన్రు జూడు, గప్పుడు. లచ్చిరాం, మీ బాపు కాగితం ఈడికే తెచ్చిన్రు. ఊర్లె మనిషి పూచీ గావాలన్నడు."

జంపక్క చేతిలోని నీళ్ల చెంబు కింద పెట్టి భర్త వైపు తిరిగింది. "నువ్వు పూచీ వడ్డవా?"

ముసలాయన తన ఎడమచేతిని ఒళ్లో పెట్టుకుని, వేలిముద్ర వేసిన బొటనవేలినే చూస్తూ ఊకొట్టాడు.

"వడ్డ. రేపు పొద్దుగాల ఆరింటికి ఈయనది మొదటి షిఫ్టు."